విత్తనపు గుర్రాన్ని తరచుగా అడిగే ప్రశ్నలు: రుసుము, సంతానం, పందేలు

మా లాయానికి వచ్చేవారు మూడు రకాలు: ఆడగుర్రాన్ని నాతో దాటించి చూలు కట్టించుకోదలచిన యజమానులు, వేలంలో నా పిల్లను కొనదలచినవారు, నా కొడుకు మీద పందెం కాసి ఓడిపోయి అందుకు కారణం ఎలా ఉంటుందో ఒకసారి చూసిపోదామని వచ్చేవారు. ఈ ముగ్గురూ కంచె మీద మోచేతులు ఆనించి ఏటా అవే సందేహాలు వెలిబుచ్చుతున్నారు. మేత నములుతూ అందరికీ విడివిడిగా జవాబు చెప్పడం నాకు సాధ్యపడదు కనుక ఆ ప్రశ్నలను దశలవారీగా ఇక్కడ కూర్చాను. ఎవరికి కావలసిన చోటి నుంచి వారు చదువుకోవచ్చు.

## పందేల నుంచి లాయానికి

బాగా గెలుస్తున్న వయసులోనే పరుగు మానేసి ఈ పనిలోకి ఎందుకు వచ్చారు?

నన్నెవరూ అడగలేదు. నాలుగేళ్లు నిండేసరికి ఒక పెద్దమనిషి కాగితం మీద లెక్క వేశాడు, మర్నాడు నా జీను విప్పేశారు. ఆ లెక్క ఎలాంటిదో ఫ్రాంకెల్ అనే బ్రిటన్ పందెపు గుర్రం ఉదంతం చూస్తే తెలుస్తుంది. పరుగెత్తిన 14 పందేల్లో పద్నాలుగూ గెలిచి, సుమారు 30 లక్షల పౌండ్ల బహుమతి సొమ్ము సంపాదించి, 2012లో అతడు విరమించాడు. మరుసటి ఏడాది అతడి దాటింపు రుసుము 1,25,000 పౌండ్లు. వంద ఆడగుర్రాలే వచ్చాయనుకున్నా ఒక్క కాలానికి కోటీ పాతిక లక్షల పౌండ్లు అవుతుంది. మూడేళ్లపాటు రొమ్ము పగిలేలా పరుగెత్తి తెచ్చినదానికి నాలుగింతలు, పరుగే లేకుండా వస్తోందన్నమాట. పైగా పందెపు గుర్రం ముంగాలి ఎముకలో వెంట్రుకవాసి బీట పడినా ఆ సంపాదన అక్కడితో ఆగిపోతుంది. ఆ భయంతోనే ఛాంపియన్లను పచ్చగా ఉండగానే ఇంటికి తీసుకుపోతారు.

పందేల్లో గొప్పగా గెలిచిన ప్రతి గుర్రమూ ఈ పనికి పనికొస్తుందా?

రాదు. ఈ సంగతి రుజువు కావడానికి మనుషులు చాలా డబ్బు ఖర్చు పెట్టారు. వరసగా 16 పందేలు గెలిచిన సిగార్ అనే అమెరికా గుర్రం మొత్తం 99,99,815 డాలర్లు, అంటే కోటికి 185 మాత్రమే తక్కువ సంపాదించి లాయానికి చేరాడు. అక్కడ ఒక్క ఆడగుర్రానికైనా చూలు నిలవలేదు. పరిహారం బీమా సంస్థ చెల్లించింది. సిగార్ మాత్రం కెంటకీలోని గుర్రాల ఉద్యానంలో సందర్శకులు నుదురు నిమురుతుంటే నిశ్చింతగా కాలం గడిపాడు. 2002లో కెంటకీ డెర్బీ అనే అమెరికా పెద్ద పందెం గెలిచిన వార్ ఎంబ్లమ్‌ది ఇంకో రకం సమస్య. జపాను వారు సుమారు 1.7 కోట్ల డాలర్లు పోసి అతడిని తీసుకువెళ్లారు. ఆరోగ్యం దివ్యంగా ఉంది, కానీ తెచ్చిన ఆడగుర్రాల్లో చాలావాటి వైపు కన్నెత్తి చూడటానికే అతడు ఇష్టపడలేదు. ఈ వృత్తిలో ఉన్న మేమంతా అతడిని కొంత విస్మయంతో, కొంత అసూయతో తలచుకుంటాము. కాదనే వీలు ఉందని అతడిని చూసేదాకా మాకు తెలియదు.

మీ యజమాని ఒక్కరేనా?

కాదు. ఖరీదైన స్టాలియన్‌ను, అంటే విత్తనపు గుర్రాన్ని, ఒక్కరే కొనడం బరువైన పని కాబట్టి కొందరు కలిసి వాటాలు వేసుకుంటారు. ఒక్కో వాటాదారుకు ఏడాదికి తన ఆడగుర్రాన్ని దాటించుకునే హక్కు వస్తుంది. 1973లో సెక్రటేరియట్ అనే అమెరికా పందెపు గుర్రాన్ని ఒక్కొక్కటి 1,90,000 డాలర్ల చొప్పున 32 వాటాలుగా, మొత్తం 60.8 లక్షల డాలర్లకు పంచుకున్నారు. నన్నూ అలాగే పంచారు. నా ఏ భాగం ఎవరి వాటాకు వచ్చిందో పత్రాల్లో స్పష్టంగా లేదు. నాకు కడుపునొప్పి వచ్చి రాత్రంతా లాయంలో నడిపించినప్పుడు మాత్రం తన భాగం ఎలా ఉందో చూసుకోవడానికి ఒక్క వాటాదారూ రాలేదు.

## దాటింపు కాలం

ఒక్కసారికి అంత రుసుమా? అందులో మీకు ముట్టేది ఎంత?

నాకు ముట్టేది దాణా. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత నా విషయంలో తిరగబడి, గుర్రం ఎంత సంపాదించినా దాణాకు మించి లేదన్నట్టుగా నడుస్తోంది. ఉదయం ఓట్స్ గింజలు, సాయంత్రం ఓట్స్ గింజలు, మధ్యలో ఎండుగడ్డి. రుసుము రెట్టింపైన ఏడాదిలోనూ ఇదే కొలత. సగానికి పడిపోయిన ఏడాదిలోనూ ఇదే కొలత. ఈ నిలకడ ఏ ఉద్యోగంలో ఉంటుందో చెప్పండి.

ఇక రుసుము ఎంత ఉండవచ్చునంటే, దాని హద్దు కట్టేవారి ఓపికను బట్టి ఉంటుంది. 1961లో కెనడాలో పుట్టిన నార్తర్న్ డాన్సర్ పొట్టిగా ఉన్నాడని, ఏడాది పిల్లగా ఉన్నప్పుడు 25,000 డాలర్లు పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. 1980ల నాటికి అదే పొట్టి గుర్రంతో ఒక్క దాటింపుకు 5 లక్షల డాలర్లు పలికింది, అదీ చూలు నిలుస్తుందన్న హామీ లేకుండా. ఆయన అప్పటికీ అంతే పొట్టి.

రుసుము ఎప్పుడు కట్టాలి? పిల్ల దక్కకపోతే డబ్బు తిరిగి వస్తుందా?

బతికిన పిల్ల హామీ ఉన్న ఒప్పందమైతే, పిల్ల పుట్టి, తన కాళ్ల మీద నిలబడి, తల్లి పాలు కుడిచిన తరువాతనే రుసుము చెల్లించవలసి వస్తుంది. ముందే చెల్లించి ఉంటే తిరిగి రావడమో, మరుసటి ఏడాది మళ్లీ ఉచితంగా దాటించడమో ఉంటుంది. హామీ లేని ఒప్పందంలో డబ్బు పోయినట్టే. సంతకం చేసే ముందు ఆ వాక్యం ఎలా ఉందో చదువుకోండి. పదకొండు నెలల తరువాత పచ్చికలో ఒక పసిపిల్ల నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారుతుండగా లేవడానికి ప్రయత్నిస్తుంటే, పక్కన నిలుచున్న ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకరు లేవాలనీ మరొకరు కాసేపు ఆగితే బాగుండుననీ కోరుకునే దృశ్యం ఆ ఒక్క వాక్యం వల్లనే ఏర్పడుతుంది.

కృత్రిమ గర్భధారణ వచ్చిన ఈ కాలంలో ఆడగుర్రాన్ని ఇంత దూరం తీసుకురావడం ఎందుకు?

పందేల కోసం పెంచే మా థరోబ్రెడ్ జాతి వంశావళి పుస్తకాలు కృత్రిమ పద్ధతిలో పుట్టిన పిల్లను నమోదు చేయవు. నమోదు లేని పిల్లకు థరోబ్రెడ్ల పందేల్లో ప్రవేశం లేదు. బండ్లు లాగుతూ పందెం వేసే జాతుల్లో ఆ పద్ధతి చెల్లుతుంది కాని మాలో చెల్లదు. ఇది సంప్రదాయమని కొందరంటారు. నాకు మాత్రం ఇది ధర నిలబెట్టే ఉపాయంగా తోస్తుంది. సీసాలో పోసి దేశదేశాలకు పంపే వీలుంటే నాలాంటివాడు ఒక్కడే వెయ్యి పిల్లలకు తండ్రి అవుతాడు, పిల్లల ధర కూరగాయల ధరకు దిగుతుంది. నేను స్వయంగా హాజరు కావలసి రావడమే నా విలువ.

దాటింపు రోజున లోపల అసలు ఏం జరుగుతుంది? అందులో అనురాగం ఏమైనా ఉంటుందా?

ఏడుగురు మనుషులు ఉంటారు. దీన్ని బట్టి మిగతాది ఊహించుకోవచ్చు.

వివరంగానే చెబుతాను. ముందుగా, ఆడగుర్రం ఎదకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మరొక మగగుర్రాన్ని తెచ్చి కట్టెల అడ్డుకు అవతల నిలబెడతారు. ఆమె అతడిని చూసి తన్నితే ఇంకా సమయం రాలేదని అర్థం. తోక పక్కకు తీసి నిమ్మళంగా నిలబడితే సమయం వచ్చిందని అర్థం. ఆ క్షణంలోనే అతడిని వెనక్కి నడిపించుకుపోతారు. తన్నులన్నీ అతడికి, రుసుములన్నీ నా పేరు మీదకి. అతడితో ముఖాముఖి పడినప్పుడు నేను తల దించుకుంటాను. తరువాత ఆమె తోకకు కట్టు కట్టి, నన్ను తన్నకుండా వెనక గిట్టలకు దళసరి ఉన్ని బూట్లు తొడిగి, అప్పుడు నన్ను తీసుకువస్తారు. అందరి తలల మీదా శిరస్త్రాణాలుంటాయి, నాకు తప్ప. వ్యవహారమంతా నాలుగైదు నిమిషాల్లో ముగుస్తుంది. వాళ్లలో ఒకాయన పని నా తోకను గమనించడం. అది లయగా పైకీ కిందికీ ఊగితే పని పూర్తయినట్టు లెక్క. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, మొన నాలుకతో తడిపి, చీటీ మీద గంటా నిమిషమూ వేస్తాడు. లక్షల ఖరీదు చేసే అనురాగానికి దక్కిన ఏకైక సాక్ష్యం ఆ చీటీ.

ఏడాదికి ఎన్ని ఆడగుర్రాలు వస్తాయి? అలసట ఉండదా?

గిరాకీ ఉన్న స్టాలియన్‌కు ఒక కాలంలో నూట యాభై నుంచి రెండు వందల దాకా వస్తాయి. రద్దీ రోజుల్లో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం హాజరు పడుతుంది. మాలో కొందరిని ఉత్తరార్ధగోళంలో కాలం ముగియగానే విమానం ఎక్కించి ఆస్ట్రేలియాకు పంపుతారు, అక్కడ మళ్లీ వసంతం మొదలవుతుంది కాబట్టి. థరోబ్రెడ్ల నమోదు చూసే అమెరికా జాకీ క్లబ్ 2020లో ఏడాదికి 140 ఆడగుర్రాలకు మించరాదని నియమం తెచ్చింది. జాతి అంతా ఒకే రక్తంతో నిండిపోతుందన్నది వారి ఆందోళన. విత్తనపు గుర్రాలను ఉంచే స్టడ్ ఫామ్‌ల వారు కోర్టుకు ఎక్కారు, 2022లో నియమాన్ని ఉపసంహరించుకున్నారు. అలసట ఎవరికన్న ప్రశ్న కోర్టులో వచ్చినట్టు లేదు.

చలి తగ్గకముందే, ఫిబ్రవరిలోనే, ఎందుకంత తొందర?

ఉత్తరార్ధగోళంలో ఏ తేదీన పుట్టినా ప్రతి థరోబ్రెడ్‌కూ జనవరి 1నే పుట్టినరోజు. ఆస్ట్రేలియాలో ఆగస్టు 1న. డిసెంబరు 31 రాత్రి పుట్టిన పిల్లకు తెల్లవారేసరికి ఏడాది నిండినట్టు లెక్క. జనవరిలో పుట్టినవాడు, మే నెలలో పుట్టినవాడు రెండేళ్ల పందెంలో పక్కపక్కన నిలబడినప్పుడు ఆ నాలుగు నెలల ఎముక పుష్టి కనబడుతుంది. అందుకని పదకొండు నెలల చూలును వెనక్కి లెక్కగట్టి ఫిబ్రవరి నుంచే పని మొదలుపెడతారు. ఆడగుర్రాలు సహజంగా పగలు పొడుగైతేనే ఎదకు వస్తాయి. కాబట్టి చలికాలంలో రోజుకు పదహారు గంటలు వెలుతురు ఉండేలా లాయంలో దీపాలు వెలిగించి, వసంతం వచ్చిందని వాటిని నమ్మిస్తారు.

## పిల్ల పుట్టాక, వేలం దాకా

పుట్టిన పిల్ల మీదేనని నమ్మకం ఏమిటి?

నమోదుకు ముందు తల్లీ తండ్రీ ఎవరో డీఎన్ఏ పరీక్షతో నిర్ధారిస్తారు.

మా ఆడగుర్రం సామాన్యమైనదే. మీ రుసుము కడితే ఛాంపియన్ పుడుతుందా?

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని నా గురించి మా ఫామ్ వారు చెప్పే మాట మీరు వినే ఉంటారు. తల్లి చాలు పిల్లకు తప్పుతుందా అన్న సామెత వారు చెప్పరు, ఎందుకంటే తల్లిని మీరు తెచ్చుకుంటారు, దానికి వారు రుసుము వసూలు చేయలేరు. నిజానికి పిల్లకు నేనిచ్చేది సగం. కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియా పూర్తిగా తల్లి నుంచే వస్తుంది. కడుపులో పదకొండు నెలలు, పాల మీద మరో అయిదారు నెలలు పెంచేదీ, తోటి పిల్లల మధ్య ధైర్యంగా నడవడం నేర్పేదీ తల్లే. నేనా సమయంలో వేరే కంచె వెనక ఉంటాను.

పిల్లల్లో పదోవంతు మంది పేరున్న పందేలు గెలిస్తే ఆ తండ్రిని మా వృత్తిలో మహానుభావుడంటారు. మిగతా తొమ్మిది వంతుల మంది సంగతి ప్రకటనల్లో ఉండదు. మీ ఆడగుర్రం ధరకు మించిన రుసుము కట్టవద్దని నా సలహా. ఈ మాట మా ఫామ్ వారికి చేరవేయకండి.

వేలంలో ఎక్కువ ధర పలికిన పిల్ల ఎక్కువ గెలుస్తుందా?

ఈ ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన జవాబులు విన్నప్పుడల్లా నాకు సకిలింపు ఆగదు. 1983లో నార్తర్న్ డాన్సర్ కొడుకు స్నాఫీ డాన్సర్ ఏడాది పిల్లగా 1.02 కోట్ల డాలర్లు పలికాడు. అంతకుముందు ఏ ఏడాది పిల్లా కోటి డాలర్లు దాటలేదు. అతడు ఒక్క పందెంలోనూ పరుగెత్తలేదు, అంత నెమ్మది. సరే, తండ్రి పేరుంది కదా అని విత్తనానికి పెడితే సంతానసామర్థ్యమూ అంతంత మాత్రమే. మొత్తం నలుగురు పిల్లలు పుట్టారు. 2006లో ద గ్రీన్ మంకీ అనే రెండేళ్ల పిల్లను 1.6 కోట్ల డాలర్లకు కొన్నారు. వేలానికి ముందు చూపించిన చిన్న పరుగులో మెరుపులా దూసుకుపోయాడన్నది కారణం. తరువాత మూడు పందేల్లో పాల్గొని, ఒక్కటీ గెలవక, 10,440 డాలర్లు సంపాదించాడు. కొన్న ధర రావాలంటే అదే వేగంతో ఎన్ని పందేలు పరుగెత్తాలో లెక్క కట్టే తీరిక నాకుంది కాని, తోటివాడి పరువు అని ఊరుకున్నాను.

ఇటువైపు చూడండి. సియాటిల్ స్లూను 17,500 డాలర్లకు కొన్నారు. 1977లో అప్పటిదాకా ఓటమి ఎరగకుండానే అమెరికా ట్రిపుల్ క్రౌన్, అంటే మూడు పెద్ద పందేలూ, గెలిచాడు. జాన్ హెన్రీ అనే చిడిముడి స్వభావం గల పిల్ల 1,100 డాలర్లకు అమ్ముడయ్యాడు. విత్తులు కొట్టించినా ఆ కోపం తగ్గలేదు కాని, 65 లక్షల డాలర్లకు పైగా గెలుచుకున్నాడు. వేలంలో అమ్మేది వేగం కాదని దీన్ని బట్టి తెలుస్తుంది. తండ్రి పేరు, తల్లి తరఫు బంధువుల పేర్లు, నడకలో ఒక ఊపు, దానితోపాటు ఇద్దరు ధనవంతులకు ఒకరంటే ఒకరికి పడకపోవడం. ఈ చివరిది ఉంటే మిగతావి కొంచెం తగ్గినా ఫరవాలేదు.

మీ పిల్లలందరూ ఒకరికొకరు అన్నదమ్ములే కదా?

మా వ్యవహారంలో కారు. ఒకే తల్లికి పుట్టినవారినే సగం అన్నదమ్ములు, సగం అక్కచెల్లెళ్లు అంటారు. తండ్రి మాత్రమే ఒకరైతే ఏ చుట్టరికమూ లెక్కలోకి రాదు. ఏటా నూట యాభై మందికి తండ్రి అయ్యేవాడి తరఫు బంధుత్వాన్ని గుర్తిస్తే, ప్రతి పందెమూ కుటుంబ సమావేశం అవుతుందని కాబోలు.

## పందెం దినాలు

మీ కూతురు పెద్ద పందెం గెలిచిందట కదా! మీకేమొచ్చింది?

బహుమతిలో చాలా భాగం ఆమె యజమానిది. గెలిచిన సొమ్ములో జాకీకి, ట్రైనర్‌కు చెరో పదోవంతు ఇచ్చే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. కొన్ని ప్రాంతాల్లో పెంచినవారికీ, తండ్రి గుర్రం యజమానికీ కూడా ప్రోత్సాహకం అందుతుంది. గమనించారా, తండ్రి గుర్రం యజమానికి. ఆ రోజు సాయంత్రం నాకు ఒక క్యారెట్ ఎక్కువ పెట్టారు. అయిదు నిమిషాల తరువాత, లాయం గోడకు తగిలించిన నా రుసుము బోర్డులో అంకె మార్చడానికి నిచ్చెన తెచ్చారు. నిచ్చెన వేసినవాడే ఆ క్యారెట్‌లో సగం కొరికాడు.

మీ రుసుము మూడో ఏట ఎందుకు పడిపోయింది? మీలో ఏమైనా లోపమా?

నాలో ఏమీ మారలేదు. మారింది మనుషుల నమ్మకం. మొదటి ఏడాది నా గెలుపులు అందరికీ గుర్తుంటాయి, రుసుము ఘనంగా ఉంటుంది. రెండో ఏట తొలి పిల్లలు పుడతారు, మూడో ఏట వేలానికి వస్తారు, నాలుగో ఏట గాని పరుగెత్తరు. ఈ మధ్యకాలంలో నా గురించి ఎవరికీ ఏమీ తెలియదు. కొత్తగా విరమించిన ఛాంపియన్ పక్క లాయంలోకి వస్తాడు, యజమానులు అటు పోతారు. నేను దాణా తింటూ, ఎక్కడో ఎవరో నడుపుతున్న రెండేళ్ల పిల్లల కాళ్ల మీద ఆధారపడి ఉంటాను. నాలుగో ఏట గాని రాని పరీక్షా ఫలితం ఇది. రాసేది వేరేవాడు, మార్కులు నాకు.

ఇన్‌టు మిస్చీఫ్ అనే గుర్రం 2009లో 12,500 డాలర్లతో మొదలుపెట్టి 7,500కు దిగాడు. ఆ చౌక రోజుల్లో పుట్టిన పిల్లలే ఒకరి తరువాత ఒకరు గెలవడంతో పైకి లేచి, 2023 నాటికి 2,50,000 డాలర్లకు చేరాడు. ఎదురు దిశలో ఫుసాయిచి పెగాసస్ ఉన్నాడు. 2000లో కెంటకీ డెర్బీ గెలిచాక అతడి ఖరీదు 6 కోట్ల డాలర్లకు పైనేనని వార్తలు వచ్చాయి. 1,50,000 డాలర్లతో మొదలైన అతడి రుసుము, పిల్లలు ఆశించినంత గెలవకపోవడంతో ఏటేటా దిగుతూ పోయింది. ఇద్దరిలో ఎవరూ ఆ ఏళ్లలో తమ గడ్డి నమిలే తీరు మార్చుకోలేదని నేను హామీ ఇవ్వగలను.

మీ కొడుకు మీద పందెం కాసి డబ్బు పోగొట్టుకున్నాను. బాధ్యత ఎవరిది?

నేను మీకు అతడిని పరిచయం చేయలేదు. నాకే పరిచయం లేదు. వంశం చూసి డబ్బు పెట్టడం ఎంత ప్రమాదమో జిప్పీ చిప్పీ సాక్ష్యమిస్తాడు. నార్తర్న్ డాన్సర్ వంశపు రక్తం అతడిలో ఉంది. 100 పందేల్లో పరుగెత్తి ఒక్కటీ గెలవలేదు. పండితపుత్రుడన్న మాట మనుషుల కోసమే పుట్టిందని ఇన్నాళ్లు అనుకున్నాను. అయినా జనం అతడిని ఎంతగానో ప్రేమించారు, బాగా బతికి 2022లో పోయాడు. మీరు పోగొట్టుకున్న సొమ్ముకు బదులుగా నా పక్కన నిలబడి ఫోటో తీసుకోవచ్చు. జేబులో క్యారెట్ ఉంటే మరీ మంచిది.

## వయసు మళ్లాక

కొడుకులు అంతగా గెలవకపోతే మీ పేరు అక్కడితో పోయినట్టేనా?

కూతుళ్లు ఉన్నారు కదా. సెక్రటేరియట్ తనంతటి కొడుకును కనలేదని జనం పెదవి విరిచారు. అతడి కూతుళ్లు ఈనిన మగపిల్లల్లో ఏ.పి. ఇండీ, స్టార్మ్ క్యాట్, గాన్ వెస్ట్ ఉన్నారు. ముగ్గురూ మేటి తండ్రులయ్యారు. వారిలో స్టార్మ్ క్యాట్ రుసుము ఒక దశలో 5 లక్షల డాలర్లు. వంశపత్రంలో తాతగారి పేరు తల్లి గడిలో చిన్న అచ్చులో ఉంటుంది, దాని మీద ఎవరూ రుసుము వసూలు చేయలేరు. కాబట్టి ఆ పేరు చెప్పి పెద్దగా ఎవరూ వ్యాపారం చేయరు.

మీ పిల్లల్లో ఎవరినైనా ఎప్పుడైనా కలిశారా?

ఒకడిని. పోయిన ఏడాది నాకు తోడుగా ఉంటుందని పక్క ప్యాడక్‌లో, అంటే కంచె వేసిన పచ్చికలో, విత్తులు కొట్టించిన ఒక బూడిదరంగు గుర్రాన్ని వదిలారు. మూడు వారాలపాటు మేము ఒకరి ఉనికి ఒకరం పట్టించుకోలేదు. ఒకనాడు లాయం మనిషి అతడి మెడపట్టీ మీది పేరు పైకి చదివి, కాగితాలు తిరగేసి, నా వైపు చూసి నవ్వాడు. పదకొండు పందేలు, గెలుపులు సున్నా, ఒకసారి మూడో స్థానం. నా మొదటి ఏడాది, రుసుము ఘనంగా ఉన్న రోజుల్లో పుట్టినవాడు. అతడి కోసం ఎవరో ఎంతో కట్టి ఉంటారు. ఎడమ చెవి నాలాగే కొంచెం బయటికి వాలి ఉంటుంది, ఈగలను తోలుకునేటప్పుడు తల నాలాగే రెండుసార్లు కుడివైపుకు విసురుతాడు. ఇప్పుడు మధ్యాహ్నం వేళ కంచెకు ఇటూ అటూ నిలబడి ఒకరి వీపు ఒకరం పళ్లతో గోకుకుంటాము. అయితే సాయంత్రం దాణా బకెట్ చప్పుడైతే చాలు, ఆ మూల నుంచి ఈ మూలకు ఒక్క ఉదుటున వచ్చి నాకంటే ముందు నిలబడుతున్నాడు. ఎనిమిదేళ్ల కిందట ఈ పరుగు ఎక్కడ దాచుకున్నావని అడుగుదామనుకుంటాను, ఈలోగా అతడు నా బకెట్‌లో కూడా మూతి పెడతాడు.